మా అమ్మమ్మ చాలా అడిగింది

ఇంట్లో పెద్దావిడ పోయాక, సంవత్సరీకానికి అందరూ కూడి భోజనాలు అయ్యాక, ఎవరో ఒకరు గొంతు సవరించుకుని అనే మాట ఒకటుంది. "మహాతల్లి. పిల్లల కోసమే బతికింది. తనకిది కావాలని ఏనాడూ నోరు తెరిచి అడిగి ఎరగదు." మా అమ్మమ్మ గురించి కూడా ఇదే అన్నారు. అన్నవాళ్ళు మా మామయ్యలే, కళ్ళు తుడుచుకుంటూ, నిండా ప్రేమతోనే అన్నారు. అయినా ఆ చివరి ముక్క నాకు మింగుడు పడలేదు, ఎందుకంటే అది నిజం కాదు. అమ్మమ్మ అడిగింది. ఎనిమిదేళ్ళప్పుడు అడిగింది, ముప్ఫై ఏళ్ళప్పుడు అడిగింది, డెబ్భై దాటాక కూడా అడిగింది. కొన్ని దొరికాయి, చాలావరకు దొరకలేదు. దొరకనివన్నీ మనం మర్చిపోయి, ఆవిడకి అసలు కోరికలే లేవని చెప్పుకుంటే మన మనసుకి హాయిగా ఉంటుంది. ఆ హాయి నాకు వద్దు. ఆవిడ ఏం చేసిందో, ఆవిడకి ఏం వచ్చో, ఏం అడిగిందో చెప్పకుండా అమ్మమ్మని తలుచుకున్నామంటే ఎవర్ని తలుచుకున్నట్టు?

ముమ్మిడివరం దగ్గర ఒక ఊళ్ళో 1938 ప్రాంతంలో పుట్టింది. తేదీ ఎవరూ రాసిపెట్టలేదు. మూడో తరగతిలో ఉండగా ఇంట్లో తమ్ముడు పుట్టాడు, వాణ్ణి ఎత్తుకోవడానికి మనిషి కావాలి, బడి మాన్పించారు. "ఐదు దాకా చదువుకుంటాను, వాణ్ణి నిద్రపుచ్చాకే వెళ్తాను" అని వాళ్ళ నాన్నని అడిగిందట. కాదన్నారు. అంటే అమ్మమ్మ పిల్లల్ని పెంచడం ఎనిమిదో ఏటే మొదలైంది, తల్లి కావడానికి చాలా ముందే. 1951లో పెళ్ళి, అప్పటికి పదమూడేళ్ళు. ఆడపిల్ల పెళ్ళి వయసు పధ్నాలుగు అని 1929లోనే శారదా చట్టం చేశారు, 1949లో దాన్ని పదిహేనుకి పెంచారు. మా ఊరివైపు ఆ సంగతి పట్టించుకున్నవాళ్ళు లేరు. తాతయ్యకి రెండెకరాల చెక్క, కొంచెం కొబ్బరి, రెండు గేదెలు, అత్తగారు, పెళ్ళికాని ఆడపడుచులు ఇద్దరు. అందరికీ ఈవిడే వండాలి.

ఏడు కాన్పులు. మిగిలింది ఐదుగురు. ఇది ఆ కాలంలో వింత కాదు, 1951 నాటికి మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మంది బిడ్డల్లో 146 మంది ఏడాది నిండకుండానే పోయేవాళ్ళు. కానీ వింత కాదు కదా అని తల్లికి బాధ తగ్గదు. పోయిన ఇద్దరి గురించి అమ్మమ్మ ఎప్పుడూ పెద్దగా ఏడ్చి చెప్పలేదు, వాళ్ళ పేర్లు మాత్రం మా పేర్లతో కలిపి వరసలో చెప్పేది, ఎవరైనా "మీకెంతమందండీ పిల్లలు" అంటే ఏడుగురనే అనేది. మా చిన్నమామయ్య నెలలు నిండకుండా పుట్టాడు. బతకడని మంత్రసాని చెప్పేసింది. అమ్మమ్మ వాణ్ణి రవిక లోపల గుండెకి ఆనించి కట్టుకుని, పైన పాత పంచె చుట్టుకుని, వారాల తరబడి అలాగే తిరిగింది, పాలు తాగే శక్తి వాడికి లేకపోతే పిండి ఉగ్గుగిన్నెతో చుక్క చుక్కగా పట్టింది. చాలా ఏళ్ళ తర్వాత, 1978లో కొలంబియా దేశంలో బొగోటా అనే ఊరి ఆసుపత్రిలో ఇంక్యుబేటర్లు చాలక డాక్టర్లు ఇదే పద్ధతి మొదలుపెట్టారు, ఇవాళ దాన్ని కంగారూ సంరక్షణ అంటున్నారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అయితే నెలలు నిండని బిడ్డల్ని పుట్టిన వెంటనే తల్లి ఒంటికి ఆనించి ఉంచమని చెప్పింది. మామయ్యకి ఇప్పుడు అరవై దాటింది. కొబ్బరి దింపు కూలీలతో గట్టిగా గొడవపడగలిగినంత ఆరోగ్యంగా ఉన్నాడు.

దీన్ని "తల్లి మనసు" అని ఒక్క మాటలో కొట్టేయడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు. మనసు అందరు తల్లులకీ ఉంటుంది. అమ్మమ్మకి ఉన్నది పని. పసిబిడ్డకి నీళ్ళు పోయడం చూసినవాళ్ళకి తెలుస్తుంది. పీట మీద కూర్చుని రెండు కాళ్ళూ చాపి, మోకాళ్ళ దగ్గర తల, పాదాల వైపు కాళ్ళు వచ్చేలా బిడ్డని పడుకోబెట్టుకునేది. ముందు నూనె, తర్వాత నలుగు, చేతులు గుండెల మీద అడ్డంగా కలిపి తీయడం, మోకాళ్ళు పొట్టకి తగిలేలా మడవడం. బోర్లా తిప్పేటప్పుడు గడ్డం తన కాలికి ఆనకుండా ఒక చెయ్యి కింద ఉండేది. నీళ్ళ వేడి మోచేత్తో చూసేది, అరచేత్తో కాదు, పొయ్యి దగ్గర పనిచేసే చేతికి వేడి సరిగ్గా తెలియదని. నెత్తి మీద నీళ్ళు పోసేటప్పుడు నుదుటి మీద అరచేతిని చూరులా పెట్టి కళ్ళలో, ముక్కులో చుక్క పడకుండా పోసేది. తర్వాత సాంబ్రాణి, ఆ పొగ బిడ్డ మొహానికి కాకుండా జుట్టుకి మాత్రమే తగిలేలా. మొత్తం అయ్యేసరికి బిడ్డ నిద్రలోకి జారుకోవాలి, అప్పుడే నీళ్ళు పోయడం కుదిరినట్టు. ఊళ్ళో నాలుగు వీధుల బాలింతలకి ఆవిడే వెళ్ళి పోసేది.

ఆవిడకి తెలిసినవన్నీ సరైనవే అని నేను అనడం లేదు. మొదట్లో బాలింతకి దాహమేసినా గుక్కెడే నీళ్ళిచ్చేది, బిడ్డ చెవుల్లో నూనె పోసేది, ముర్రుపాలు పిండి పారబోయించేది. వాళ్ళ అత్తగారు నేర్పింది అది. తర్వాత ఊరికి ప్రభుత్వ నర్సమ్మ (ఏఎన్‌ఎమ్) వచ్చి కూర్చుని చెప్పాక, ముందు నాలుగు రోజులు వాదించి, ఆ తర్వాత ఒక్కొక్కటీ మానేసింది. మా పెద్దత్త మొదటి కాన్పుకి ముర్రుపాలు పట్టమని పట్టుబట్టింది అమ్మమ్మే, వద్దన్నది అత్తవాళ్ళ అమ్మగారు. ఆ వయసులో, అక్షరం ముక్క రాయడం కష్టమైన మనిషి, తను పాతికేళ్ళు చేసినదాన్ని తప్పని ఒప్పుకుని మార్చుకుంది. దాన్ని నేర్చుకోవడం అనకుండా ఇంకేమంటారు? డాక్టరు అలా చేస్తే గొప్పగా చెప్పుకుంటాం.

ఇక మా సంగతి. మా అమ్మ టీచరు. నేను పుట్టాక ప్రసూతి సెలవు అయిపోయేసరికి అమ్మకి ముందున్న దార్లు రెండే, ఉద్యోగం మానేయడం లేదా నన్ను అమ్మమ్మ దగ్గర వదిలేయడం. బడి మొదలయ్యేదాకా అక్కడే పెరిగాను, నాతోపాటు పెద్దమామయ్య పిల్లలు, పిన్ని కొడుకు కూడా. పిన్నికి నర్సు ఉద్యోగం, షిఫ్టులు. అమ్మ రిటైరయ్యే నాటికి గెజిటెడ్ హెడ్మిస్ట్రెస్. పెన్షన్ వస్తోంది, కాకినాడలో సొంత ఫ్లాటు ఉంది. ఆ జీతంలో, ఆ పెన్షన్‌లో, ఆ ఫ్లాటులో అమ్మమ్మ వాటా ఉందని నేను గట్టిగా నమ్ముతాను. ఆ వాటా ఏ కాగితం మీదా లేదు. అమ్మ నెలనెలా కొంత పంపించేది, అది కూడా "మా అమ్మకి చీరకి" అని, "మా అమ్మ చేసే పనికి" అని కాదు.

1996 నవంబరు 6 రాత్రి తుఫాను కోనసీమ మీద పడినప్పుడు, దసరా సెలవులు అయిపోయినా జ్వరం వల్ల నేను అక్కడే ఉండిపోయాను. ఆ తుఫానుకి వెయ్యి మందికి పైగా చనిపోయారు, కొబ్బరి చెట్లు లక్షల్లో కూలిపోయాయి. పెంకులు ఒక్కొక్కటీ లేచిపోతుంటే అమ్మమ్మ పిల్లలందర్నీ పందిరి మంచం కిందికి తోసి, ఒక్కొక్కరికీ ఒక్కో ఎక్కం ఇచ్చింది. నాకు ఏడో ఎక్కం, మామయ్య కొడుకుకి తొమ్మిదో ఎక్కం. ఆపకుండా చదవమంది. చీకట్లో ఎవరు చదవడం ఆపితే వాళ్ళ పేరు పెట్టి అరిచేది, తడిమి చూసేది. భయపడకుండా ఉండటానికి చదివిస్తోందనుకున్నాను. పెద్దయ్యాక అడిగితే, "కనపడక పోయినా ఎవరు ఉన్నారో తెలియాలి కదే అమ్మలూ" అంది. తెల్లారేసరికి వీధిలో పాకలు లేవు, ఆ ఇళ్ళవాళ్ళంతా మా వసారాలో ఉన్నారు. కట్టెలన్నీ తడిసి ముద్ద. అమ్మమ్మ అటక మీద నుంచి ఎండు కొబ్బరి డొక్కలు దింపించింది, ఏటా వానలకి ముందే అక్కడ పేర్చి గోనెలు కప్పి ఉంచేది. బావి నీళ్ళు కాచి వడకడితే తప్ప పిల్లలకి ఇవ్వనివ్వలేదు. కరెంటు రాలేదు, రోడ్డు లేదు, పాతిక ముప్ఫై మందికి గంజో జావో రోజూ దొరికింది. సహాయక చర్యల గురించి పేపర్లలో చాలా వచ్చింది, రావాలి కూడా. అటక మీద డొక్కలు పెట్టుకున్నవాళ్ళ గురించి కూడా వచ్చి ఉంటే బాగుండేది.

అడిగినవి చెప్తానన్నాను. మరుగుదొడ్డి అడిగింది. చీకటితో లేచి, మళ్ళీ చీకటి పడేదాకా ఆపుకుని, నెలసరిలో, కడుపుతో ఉన్నప్పుడు, బాలింతగా గట్టు మీదకి నడిచి వెళ్ళే బాధ తాతయ్యకి చెప్పి అడిగింది, ఒకసారి కాదు, ఏళ్ళ తరబడి. డబ్బుల్లేవన్నారు. పెద్దమామయ్యకి కాకినాడ సంబంధం కుదిరి, పిల్ల తరఫువాళ్ళు "దొడ్డి ఉందాండీ" అని అడిగిన నెలలోపే ఇటుకలు దిగాయి. పొయ్యి పొగకి దగ్గు పట్టుకుంది, గ్యాసు అడిగింది. 1999లో దీపం పథకం వచ్చి పొదుపు సంఘాల్లో ఉన్న చుట్టుపక్కల ఆడవాళ్ళందరికీ గ్యాసు వచ్చాక, మనకి లేకపోతే ఏం బావుంటుందని తాతయ్య బుక్ చేశారు. అప్పటికి ఆ దగ్గు ఊపిరితిత్తుల్లో స్థిరపడిపోయింది, చివరిదాకా పోలేదు. కూతుళ్ళ చదువు అడిగింది. ఇది మాత్రం అడిగి ఊరుకోలేదు, ఒక గేదె పాల డబ్బులు విడిగా పెట్టుకుని, తలుపు వెనక సున్నంతో గీతలు గీసి లెక్క చూసుకుని, అమ్మకి అమలాపురం కాలేజీ ఫీజు, బస్సు పాసు తనే కట్టింది. ఇంకోటి అడిగింది, అది నాకు అన్నింటికన్నా ఇష్టం. మధ్యాహ్నం భోజనాలయ్యాక గంటసేపు తలుపు వేసుకుని వారపత్రికలో సీరియల్ చదువుకునేది, పెదవులు కదుపుతూ నెమ్మదిగా. "ఈ గంట నాది, ఇల్లు అంటుకుంటే తప్ప పిలవకండి" అనేది. ఇంట్లో అందరూ దాన్ని ఎగతాళి చేసేవారు. పిలిచేవారు కూడా, మజ్జిగ ఎక్కడుందని, తువ్వాలు ఎక్కడుందని.

2019లో కేంద్ర గణాంక శాఖ మన దేశంలో ఎవరు ఏ పనికి ఎంతసేపు వెచ్చిస్తున్నారో సర్వే చేసింది. ఇంటిపని చేస్తున్నామని చెప్పిన ఆడవాళ్ళు సగటున రోజుకి 299 నిమిషాలు చేస్తున్నారు, మగవాళ్ళు 97 నిమిషాలు. పైగా ఆడవాళ్ళలో నూటికి 81 మంది చేస్తుంటే మగవాళ్ళలో 26 మందే. 2024లో మళ్ళీ చూస్తే 289, 88. ఐదేళ్ళలో మారింది అంతే. కోర్టుల్లో కూడా ఈ లెక్క తెగడానికి చాలా కాలం పట్టింది. 1989 మార్చి 3న జంషెడ్‌పూర్‌లో జరిగిన అగ్నిప్రమాదం కేసులో, చనిపోయిన గృహిణుల సేవలకి విలువ కట్టాల్సి వచ్చి, 2001లో సుప్రీంకోర్టు నెలకి మూడు వేలు అంది. 62 నుంచి 72 ఏళ్ళ పెద్దావిడలకైతే ఏడాదికి 20 వేలు. అంటే అమ్మమ్మ వయసు మనిషికి రోజుకి 55 రూపాయలు. తక్కువే, కానీ సున్నా మాత్రం కాదు. 2010లో అదే కోర్టు, జనాభా లెక్కల్లో గృహిణుల్ని పని చేయనివాళ్ళ కింద బిచ్చగాళ్ళతో, ఖైదీలతో కలిపి వేయడం ఏమిటని తప్పుపట్టింది. 2021 జనవరిలో జస్టిస్ ఎన్.వి. రమణ, అప్పటి మన కృష్ణా జిల్లా ఆయనే, ఒక తీర్పులో ఆ 299 నిమిషాల లెక్క ఎత్తి చూపించి, ఇంట్లో ఆడవాళ్ళు చేసేది పనేనని, దానికి విలువ కట్టాల్సిందేనని రాశారు. ఇన్ని చెప్పినా ప్రమాదంలో మనిషి పోయాకే కదా ఆ విలువ కట్టేది. బతికుండగా ఇంట్లో ఎవరు కడతారు?

ఇలా మాట్లాడితే మా చిన్నమామయ్యకి కష్టంగా ఉంటుంది. "అమ్మ ప్రేమకి లెక్కలేంటే, ఆవిడ ఇష్టంగా చేసింది" అంటాడు. ఇష్టంగా చేసింది, నిజమే. మమ్మల్ని స్నానం చేయించేటప్పుడు ఆవిడ మొహం నాకు ఇంకా గుర్తుంది, అంత ఆనందం నటించి తెచ్చుకునేది కాదు. మా ఆఫీసులో సర్జన్లకి సాఫ్ట్‌వేర్ రాస్తాం, వాళ్ళూ ఇష్టంగానే చేస్తారు ఆపరేషన్లు, అందుకని ఫీజు మానుకోరు, గంటలు లెక్కపెట్టడం మానరు. ఇష్టం ఉన్న చోట అలసట ఉండదని ఆడవాళ్ళ విషయంలోనే ఎందుకనుకుంటాం? ఇంకో వైపు నా స్నేహితులు కొందరు "మీ అమ్మమ్మని జీవితమంతా వాడుకున్నారు, అంతే" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అది కూడా నేను ఒప్పుకోను. ఆ మాటలో ఆవిడ నేర్పు లేదు, పట్టుదల లేదు, తుఫాను రాత్రి ఎక్కాలు చదివించిన తెలివి లేదు.

ఆవిడ తీసుకున్న నిర్ణయాల్లో ఒకటి ఇంట్లో చాలామందికి నచ్చలేదు. తాతయ్య బతికుండగానే, 1990లలో, పొలం మామయ్యలకి పంచి రిజిస్టర్ చేసేశారు. ఎన్టీఆర్ ప్రభుత్వం 1985లో ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకి హక్కు ఇచ్చినా, అప్పటికే పెళ్ళయిన కూతుళ్ళకి అది వర్తించలేదు. అమ్మకి, పిన్నికి అప్పటికే పెళ్ళిళ్ళయిపోయాయి. 2005లో వచ్చిన కేంద్ర చట్టం పెళ్ళయిన కూతుళ్ళకి కూడా ఆ హక్కు ఇచ్చింది, కానీ 2004 డిసెంబరు 20కి ముందు జరిగిన రిజిస్టర్డ్ పంపకాల జోలికి వెళ్ళలేదు. అమ్మమ్మకి ఈ సెక్షన్లేవీ తెలియవు. తన పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద ఇచ్చిన అరెకరం కొబ్బరి తోట తన పేరు మీదే ఉందని, అది ఎవరికి రాయాలో తన ఇష్టమని మాత్రం తెలుసు. డెబ్భై మూడేళ్ళప్పుడు నన్ను తోడు తీసుకుని సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకి వచ్చి, ఇద్దరు కూతుళ్ళకీ, తను మంచాన పడ్డప్పుడు తనకి చేసిన పెద్దకోడలికీ సమానంగా వీలునామా రాయించింది. కోడలికి ఎందుకని ఊళ్ళో అందరూ అడిగారు. "చేసినదానికి ఇవ్వాలా వద్దా" అని ఎదురడిగింది. సంతకం తనే పెట్టింది, మూడో తరగతిలో నేర్చుకున్న అక్షరాలతో, ఒక్కో అక్షరం విడిగా. చేసినదానికి ఇవ్వాలన్న లెక్క ఆవిడకి బాగానే తెలుసు, తన విషయంలో ఎవరూ వేయలేదు గానీ.

ఇదంతా పాత తరం సంగతి అని కొట్టేయలేం. విమానం ఎక్కిందంతే. హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్ళే ఏ విమానంలోనైనా చూడండి, సూట్‌కేసులో శొంఠి పొడి, వాము, ఆముదం సీసా, పాత మెత్తటి చీరల గుడ్డలు సర్దుకుని, చీర మీద స్వెట్టర్ వేసుకుని, ఇమ్మిగ్రేషన్‌లో ఏం చెప్పాలో లోలోపల అనుకుంటూ కూర్చున్న అమ్మమ్మలు, నాయనమ్మలు. విజిటర్ వీసా మీద మామూలుగా ఆరు నెలలు ఉండనిస్తారు, అందుకని ఆరు నెలలు అమ్మాయి తరఫువాళ్ళు, వాళ్ళు దిగేసరికి అబ్బాయి తరఫువాళ్ళు, ఇలా బిడ్డకి ఏడాది నిండేదాకా వంతులు. మా అక్క మొదటి కాన్పుకి అమ్మ డాలస్ వెళ్ళింది. చలికాలం, కారు నడపడం రాదు, నడిచి వెళ్ళేంత దూరంలో ఏమీ లేదు. రాత్రి బిడ్డ ఏడిస్తే లేచేది అమ్మ, పగలు వండేది అమ్మ. అక్కా బావా చెడ్డవాళ్ళు కాదు, అమ్మని దేవతలా చూసుకున్నారు, శనివారం గుడికి తీసుకెళ్ళారు. అమ్మని ఏం కావాలని మాత్రం ఎవరూ అడగలేదు. నలభై మంది టీచర్లని నడిపిన మనిషి ఆరు నెలలు సింకు ముందు నిలబడి వచ్చింది, వచ్చాక మోకాలు చూపించుకుంది.

ఇప్పుడు అక్కకి రెండో కాన్పు. టికెట్లు చూస్తున్నానని అక్క ఫోన్ చేస్తే అమ్మ ముందు ఆగమంది. మూడు నెలలే వస్తానంది. రాత్రి పన్నెండు నుంచి ఐదు దాకా బిడ్డ బావ దగ్గరే ఉండాలంది, నీళ్ళు పోయడం మాత్రం తనే పోస్తానంది, అది ఎవరికీ వదలనంది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా తలుపు వేసి ఉంటే తట్టకూడదంది. అక్క కాసేపు ఏమీ అనలేదు, తర్వాత బావకి ఫోన్ ఇచ్చింది. బావ ఆఫీసులో ఎనిమిది వారాల సెలవు ఉందట, మొదటిసారి అందులో రెండు వారాలే వాడుకున్నాడట. ఈసారి మొత్తం పెడతానన్నాడు. టికెట్లు ఇంకా కొనలేదు, అమ్మ ఇంకో రెండు విషయాలు తేల్చుకోవాలంటోంది.